పొద్దున్న ఏటి ఒండినావమ్మా?

ఎండుచేపలు అమ్మే మనిషి గుమ్మం ముందు నిలబడి "చేపలు కావాలా" అని అడగకూడదు. అలా అడిగితే లోపలినుంచి "వద్దు" అనే మాటే వస్తుంది. వద్దన్నాక గంప దించడానికి వీలుండదు, ఎండలో పక్కింటికి నడవాల్సిందే. ఈ సంగతి నాకు మా అత్త నేర్పింది. భావనపాడు రేవు నుంచి ఉద్దానం ఊళ్ళ మీదకి ఏళ్ళ తరబడి గంప మోసిన మనిషి ఆవిడ. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నన్ను వెంట తిప్పుకుంటూ, ప్రతి గుమ్మం ముందూ ఒకటే మాట అడిగేది.

"పొద్దున్న ఏటి ఒండినావమ్మా?"

చూడండి, ఆ మాట అడిగితే ఏ ఆడమనిషీ నోరు మూసుకుని ఉండలేదు. "ఏటొండుతానప్పా, పెరట్లో రెండు వంకాయలుంటే అవే పడీసినాను" అంటుంది. అప్ప అంటే మా వైపు అక్క. వంకాయ మాట వినగానే నెత్తళ్ళ మూట, ఆ వేలెడు చిన్న చేపలది, విప్పాలి. పప్పు కాచానంటే ఉప్పుచేప ముక్క చూపించాలి, నంజుకోవడానికి. ఒంట్లో బాగోలేక ఏమీ వండలేదంటే రొయ్యపొట్టు పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టాలి. ఈలోగా ఆవిడ అరుగు మీద కూర్చుంటుంది, నా గంప నేల మీదకి దిగుతుంది, అత్తగారి మీద చాడీలు, మేనల్లుడి పెళ్ళి, ఆవు ఈనిన సంగతి, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. బడికి నేను సరిగ్గా వెళ్ళింది లేదు. కానీ ఏ ఇంట్లో ఎవరికి ఏ చేప ఇష్టమో, ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

గంప దించని ఇళ్ళు కూడా ఉండేవి. ఉద్దానంలో ఆ జబ్బు సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. కిడ్నీలు పోయాయని తేలిన ఇంట్లో డాక్టర్లు ముందు ఉప్పు మానిపిస్తారు. ఉప్పులో ఊరిన చేపని ఆ గుమ్మం ముందు దించి వాసన చూపించడం పాపం కదా. అందుకని అలాంటి ఇంటి ముందు గంప నెత్తి మీదే ఉంచుకుని, "ఎలగున్నాడమ్మా?" అని అడిగి, చెప్పింది విని, కాసేపు నిలబడి ముందుకు నడిచేవాళ్ళం. మేం మర్యాదకే అలా చేసేవాళ్ళం. అయితే వీధి మొత్తానికీ అదే గుర్తు. ఎండుచేపల మనిషి గంప దించకుండా వెళ్ళిపోయిందంటే, ఆ ఇంట్లో అది వచ్చిందని అందరికీ తెలిసిపోయేది.

మా పేటకి ఇంకా సెల్‌ఫోన్లు రాని రోజుల్లో ఒక రేడియో అమ్మాయి వచ్చింది. భుజానికి తోలు సంచీ, అందులో టేపురికార్డరు, మెడలో చెవులకి పెట్టుకునేవి. సముద్రం ఒడ్డు మనుషుల మాటలు పట్టుకెళ్ళి రేడియోలో వేస్తుందట. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరే వేళ వచ్చి, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన ముందు మాటలు పట్టే గొట్టం పెట్టింది.

"మీ జీవితంలో మీరు మరువలేని మధురానుభూతి ఏమిటండీ?"

ఆయన వల వదిలేసి చేతులు లుంగీకి తుడుచుకుని లేచి నిలబడ్డాడు. పోలీసులు వచ్చినప్పుడు కూడా అంత కంగారు పడగా నేను చూడలేదు. "అలాటియ్యి నాకేటీ నేవమ్మా. ఉంటే గింటే మా పెద్దకాపు దగ్గరుంటాయి, ఆ ఇంటికెల్లి అడుగు" అన్నాడు. పక్కనే చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పరుగు తీశారు. పేరేంటి, ఊరేంటి అని అడిగితే రేషన్ కార్డులు తీసేస్తారేమోనని ఇంకొకడు అసలు నోరే తెరవలేదు.

ఎండ ఎక్కేసరికి ఆ పిల్ల నేను చేపలు ఆరబోసే ఇసక దగ్గరికి వచ్చి కూలబడింది. కళ్ళలో నీళ్ళు ఒక్కటే తక్కువ. దాహానికి కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాను.

"మొదటి ప్రశ్న కుదిరితే చాలు పిన్నిగారూ" అంది. "మిగతాదంతా అదే వస్తుంది. మొదటి ప్రశ్న వినగానే, ఆ తర్వాత ఏం చెబుతారోనని వినేవాళ్ళు రేడియో కట్టెయ్యకుండా ఉండాలి. నాకు అదే కుదరడం లేదు."

"నీ పెశ్నకి నాకే గుండె దడొచ్చింది గుంటా" అన్నాను. "అలగ అడిగితే ఎవులు సెప్తారు? ఇంతకీ పొద్దున్న ఏటి తిన్నావు?"

"బస్టాండులో ఇడ్లీ తిన్నానండీ. ఆ చట్నీ ఉందే, పులిసిపోయి..." అని మొదలుపెట్టింది. చట్నీ నుంచి వాళ్ళ అమ్మ చేసే చట్నీకి వెళ్ళింది, అక్కడినుంచి వాళ్ళ అమ్మ ఈ ఉద్యోగం వద్దన్న సంగతికి వెళ్ళింది, ముక్కు తుడుచుకుంది, నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయి నా మొహం చూసింది.

"పిన్నీ, మీరు నన్ను ఇంటర్వ్యూ చేసేశారు!"

మిషన్ అప్పటిదాకా తిరుగుతూనే ఉందట. వెనక్కి తిప్పి, ఆ చెవులవి నా తలకి తగిలించి మీట నొక్కింది. ముందు సముద్రం హోరు వినబడింది, నా పక్కనే ఉన్న సముద్రం కంటే దగ్గరగా. తర్వాత ఒక గొంతు. "ఇంతకీ పొద్దున్న ఏటి తిన్నావు?"

చెవులవి లాగి ఇసకలో పారేశాను. అది నా గొంతు కాదు, చచ్చిపోయి ఎన్నో ఏళ్ళయిన మా అత్త గొంతు. ఆ సాగదీత, చివర్న ఆ పైకి ఎత్తడం, అన్నీ ఆవిడవే. మాట ఒక్కటే నేర్చుకున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. నా నోట్లోంచి ఆవిడే అడుగుతోందని ఎవరూ నాకు చెప్పలేదు.

"ఏమైంది పిన్నీ?"

"ఏటీ నేదు. నీ మిషన్ మా మంచిది."

ఆ పిల్ల అప్పుడే నిర్ణయించుకుంది. రేపు నాతో ఊళ్ళకి వస్తుందట. మొదటి ప్రశ్న నేను అడగాలట, తర్వాతవి తను చూసుకుంటుందట. "నాను మామూలుగానే అడుగుతాను. నువ్వు మాత్రం గుమ్మం రాకముందే మీట నొక్కీ" అన్నాను. "నాను నోరు తెరిసినాక నువ్వు సంచీ విప్పుతూ కూకుంటే, సెప్పీది కాత్తా సెప్పీడం అయిపోద్ది."

మర్నాడు ఆటో దిగి, జీడితోటల మధ్య నుంచి నడిచాం. జీడిపళ్ళు రాలి కుళ్ళిన వాసన, దాని మీద నా గంప వాసన. ఆ పిల్ల పాపం ముక్కు మూసుకోలేదు, అది గమనించాను. మొదట ఏ ఇంటికి తీసుకెళ్ళాలో నేను ముందే అనుకున్నాను. మాటకారి ఇల్లు కావాలి, నవ్వు మొహం కావాలి. నూతి ఇంటమ్మ కంటే మంచి మనిషి ఎవరున్నారు?

వీధిలో వాళ్ళందరూ నీళ్ళు తోడుకునే నూతి పక్కనే వాళ్ళ ఇల్లు. కొబ్బరి, జీడి ఉన్న రైతు కుటుంబం. పిల్లలిద్దరూ బయట ఊళ్ళలో ఉద్యోగాల్లో ఉన్నారు, మొగుడూ పెళ్ళామూ ఇద్దరే ఉండేవారు. నేను ఏ వారం వెళ్ళినా ఆవిడ కొనకుండా పంపింది లేదు. మిగతావాళ్ళు బేరమాడతారు, వాసన చూస్తారు, "ఇది మెత్తబడిపోనాది" అంటారు. ఆవిడ ఏదీ అనదు. ఆవిడ కోసమని మంచి ఉప్పుచేప, పొట్టలో ఉప్పు తెల్లగా మెరిసేది, ఏరి అడుగున దాచి తెచ్చేదాన్ని. ఆయన ఎక్కువగా తోటలోనే ఉంటాడని, కాపలా చూసుకుంటాడని చెప్పేది. అప్పుడప్పుడు అరుగు మీద కనబడేవాడు, పంచె పాదాల దాకా కప్పుకుని కూర్చుని. "సేప బాగుందప్పా" అనేవాడు తల ఊపి.

వాళ్ళ పెరట్లో ఒక కొబ్బరిచెట్టు ఉండేది. ఆ ఏడాది దాని కాపు చూస్తే మతి పోయేది. గెలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మట్టలు మోయలేక వంగిపోయి ఉండేవి. "ఏటి పెడతన్నావమ్మా దీనికి?" అని వెళ్ళినప్పుడల్లా ఆటపట్టించేదాన్ని.

"నీ సెయ్యి సలవే అప్పా" అనేది నవ్వుతూ.

నా చేతికీ ఆవిడ చెట్టుకీ ఏం సంబంధం? ముద్దుకి అంటోందనుకుని పొంగిపోయేదాన్ని.

ఆ రోజు మేం వెళ్ళేసరికి ఆవిడ వాకిట్లోనే ఉంది. చేతిలో నిప్పుల పట్టకారు. మిషన్ తిరుగుతోంది, సంచీలోంచి చిన్న ఎర్ర దీపం కనబడుతోంది. ఆవిడ నన్ను చూసింది గానీ నా వెనకున్న పిల్లని సరిగ్గా చూడలేదు. నేను గంప కిందికి దించుతూనే అడిగాను.

"పొద్దున్న ఏటి ఒండినావమ్మా?"

ఆవిడ నోరు తెరిచింది. ప్రతి వారం లాగే నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో ఇరుక్కుపోయింది.

"ఏటీ ఒండనేదప్పా" అంది. "పోయిన వారం నువ్విచ్చిన ఉప్పుసేప, ఇప్పుడే నిప్పుల మీద కాల్సినాను. ఆయన మంచం పక్కన కూకొని కాల్సినాను. ఆ ఆసన సూసుకుంటా సప్పిడి మెతుకులు తిన్నాడు. ఇన్నాళ్ళకి కంచం ఖాళీ సేసినాడప్పా."

నాకు ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. "ఆసన సూడ్డమేటి? సేప తిన్నాడు కాదేటి?"

"తినకూడదు కదా."

అంతే అంది. తినకూడదు కదా అని. ఆ మాట నాకు ఎప్పుడో తెలిసినట్టు, ఇద్దరం ఎప్పట్నుంచో మాట్లాడుకుంటున్నట్టు అనేసింది. నేను అరుగు పట్టుకున్నాను.

"ఎప్పట్నించమ్మా?"

"పోయినేడు పనసపళ్ళప్పుడు తెలిసింది. జీడి యాపారమని ఈదిలో సెప్పి వైజాగు తీసుకెల్తన్నాను. సూపించుకొని ఒత్తన్నాం. ఆయన సప్పిడి తింటంటే నాను మట్టుకు ఉప్పేసుకొని ఎలగ తింతాను? నానూ మానీసినాను."

పోయినేడు పనసపళ్ళప్పుడు! అప్పట్నుంచి ఒక్క వారం మానకుండా ఆవిడ నా దగ్గర చేపలు కొంటూనే ఉంది. నేను ఏరి ఏరి, అడుగున దాచి తెచ్చిన చేపలు. ఉప్పు ముట్టని ఇంటికి, ఉప్పు తెల్లగా మెరిసే చేపలు.

"మరైతే నాను ఇచ్చినియ్యన్నీ ఏటి సేసినావమ్మా?"

ఆవిడ పట్టకారుతో పెరటి వైపు చూపించింది. కొబ్బరిచెట్టు వైపు. దాని మొదట్లో మన్ను మెత్తగా, నల్లగా, ఎప్పుడూ తవ్వుతూ ఉన్నట్టు ఉంది. "పైపైన పెడితే కుక్కలు తవ్వీత్తాయని లోతుగా పెట్టినాను" అంది.

నేను తలెత్తి ఆ గెలల్ని చూశాను. తర్వాత చూడలేకపోయాను. వారం వారం ఆ చెట్టుని చూసి నవ్వింది నేనే. ఏం పెడుతున్నావని అడిగిందీ నేనే.

"ఒద్దని ఒక్క మాట అంటే పోనుగదమ్మా! ఎందుకలగ కొన్నావు?"

"ఒద్దంటే నువ్వు గంప దించవు" అంది. "నువ్వు దించకపోతే ఈదంతా తెలిసిపోద్ది. పోనీ తెలిత్తే తెలిసింది. కానప్పా, ఆ ఇల్లలో నువ్వేటడుగుతావు? 'ఎలగున్నాడు' అని అడుగుతావు. అందరూ అదే అడుగుతారు. ఒచ్చినోల్లందరూ ఆయన పాదాలకాసి సూత్తారు, వాసినాయా తగ్గినాయా అని. మంచం పక్కన నిలబడి, ఆయనక్కడ లేనట్టు మాటాడుకుంటారు. ఆయన ఆ ఒక్కటీ ఒద్దన్నాడు. బతికుండగా సావు పలకరింపుకి ఎవుల్నీ రానివ్వకే అన్నాడు. అందుకని... నా గుమ్మం కాడికొచ్చి 'ఏటి ఒండినావు' అని అడిగీ మనిసి ఒక్కర్తన్నా ఉండాలి కదా."

అప్పుడు ఆవిడ చూపు నా వెనక్కి వెళ్ళింది. రేడియో అమ్మాయి గోడకి ఆనుకుని, గొట్టం రెండు చేతులతో పట్టుకుని, తెల్లగా పాలిపోయి నిలబడి ఉంది.

"ఈ గుంటెవులప్పా? ఆ సేతిలోదేటి?"

చెప్పాను. చెప్పడానికి నా నోరు తిరగలేదు గానీ చెప్పాను. పట్టకారు ఆవిడ చేతిలోంచి జారి కింద పడింది.

"సెరిపీమ్మా" అంది. "నీకు దండం పెడతాను, అది సెరిపీ."

ఆ పిల్ల మంచిది. దుర్మార్గురాలైతే అవునని చెప్పి టేపు పట్టుకుపోయేది. ఇది అక్కడే అరుగు అంచున కూర్చుని నిజమే చెప్పింది. "అమ్మా, నేను ఇంతవరకూ ఇలాంటి మాట రికార్డు చెయ్యలేదు. ఇది విన్నవాళ్ళకి... ఇలా దాచుకుంటున్న ఇళ్ళు ఎన్ని ఉంటాయో. మీ పేరు చెప్పను. ఊరు చెప్పను."

"పేరెందుకమ్మా? ఈ నూతి కాడ ఇన్నేళ్ళు అరిసిన గొంతిది. రేడియోలో దగ్గినా ఎరుగుదురు."

"కానీ అమ్మా..."

"ఆయనింకా బతికే ఉన్నాడు తల్లీ" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నీ మిషన్‌లోంచి అది బయటికెల్లిందంటే, అప్పుడే పోయినట్టు."

రేడియో అమ్మాయి నా వైపు చూసింది, నేనేదో ఒక పక్కకి తీర్పు చెబుతానన్నట్టు. ఏం చెప్పను? అడిగింది నేను. మీట ముందే నొక్కమన్నదీ నేనే. "సెరిపీ గుంటా" అన్నాను. అనేసి, నా గొంతులో మళ్ళీ మా అత్త వినబడి ఉలిక్కిపడ్డాను.

ఆ పిల్ల కాసేపు మిషన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మీట నొక్కింది. లోపల టేపు కీచుమంటూ వెనక్కి తిరిగింది. ఆవిడ మాటలన్నీ పిట్ట అరుపుల్లాగా వెనక్కి పోవడం ముగ్గురం విన్నాం.

"ఉత్తినే చెరిపితే చెరిగిందని మీకు నమ్మకం ఉండదు" అంది ఆ పిల్ల. "దాని మీదే ఇంకో మాట పట్టాలి. పిన్నీ, మళ్ళీ అడగండి. మొదటినుంచి."

అడగలేకపోయాను. చూడండి, అన్ని గుమ్మాల్లో, అన్నేళ్ళు, నిద్రమత్తులో కూడా అడిగిన మాట. నాలుక కదలలేదు. ఆ మాట అడగడమంటే ఆవిడ పీక మీద చెయ్యి వెయ్యడమే అనిపించింది.

"అడుగప్పా" అంది నూతి ఇంటమ్మ. కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంది. "ఎప్పుడూ అడుగుతావు కదా, అలగే అడుగు."

"పొద్దున్న..." అని ఆగిపోయాను. దగ్గి మళ్ళీ అన్నాను. "పొద్దున్న ఏటి ఒండినావమ్మా?"

"ఏటొండినానా? పనస పిక్కలూ నెత్తళ్ళూ ఒండినాను!" అంది ఆవిడ. ఆ గొంతు విని నేను ఇంకోసారి బిత్తరపోయాను. పండగ రోజు పొయ్యి ముందు నిలబడిన మనిషి గొంతు అది. "పనస పిక్కలు ముందు నిప్పుల్లో ఏసి కాల్సీసి, పైతోలు తీసీయాల. నెత్తళ్ళు తలలు గిల్లీసి, ఒట్టి మూకుట్లో అలగ ఏపుకోవాల, సిటపట అన్నదాకా. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఏగినాక పిక్కలెయ్యాల. పిక్క మెత్తబడినాకే నెత్తళ్ళు, ముందెయ్యకూడదు, కరిగిపోతాయి. పసుపు, కారం, ఉప్పు..." ఉప్పు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "ఉప్పు సూసుకొని ఎయ్యాల, సేపలో ఉంటాది కదా. కొంచెం పచ్చి కొబ్బరి నూరి కలిపి, అలగ దగ్గరికొచ్చినాక దింపుకోవాల. ఏడి ఏడి అన్నంలో..."

"సింతపండెప్పుడేసినావే? అదెయ్యకుండానే దింపీసినావేటి?"

లోపలినుంచి వచ్చింది ఆ మాట, మగ గొంతు, ఖంగుమంటూ. ఆయన అంతా విన్నాడు! మొదట్నుంచీ, చెట్టు సంగతీ, పాదాల సంగతీ అన్నీ మంచం మీద పడుకుని విన్నాడు. వినేసి, ఇప్పుడు చింతపండు అడుగుతున్నాడు.

నూతి ఇంటమ్మ మొహం ఒక్క క్షణం రంగులు మారింది. వెంటనే గడప వైపు తిరిగి అరిచింది. "ఓలమ్మ! మద్దిలో నీ గోలేటి? ఎయ్యనేదని ఎవులన్నారు? సెప్పనిత్తావా నన్ను?"

"సెప్పు, సెప్పు. నాను తిన్న కూర నాకు తెలవదేటి!"

ఆవిడ నవ్వింది. నిజంగానే నవ్వింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వింది. ఆ నవ్వు కూడా టేపులో పడింది. రేడియో అమ్మాయి మీట కట్టేసి మొహం తిప్పుకుంది. తర్వాత అడగాల్సిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని తెచ్చుకుంది పాపం, ఒక్కటీ అడగలేదు.

ఆ కార్యక్రమం కొన్నాళ్ళ తర్వాత ఒక సాయంత్రం వేశారు. మా పేటలో వలలు ఆరేసిన చోట రేడియో పెట్టుకుని అందరం విన్నాం. మొదట నా ప్రశ్నే వచ్చింది. "అదిగో, సచ్చిపోయిన మా అమ్మ!" అన్నాడు మా ఆయన దడుచుకుని. అంటే నా ఒక్కదాని చెవికే కాదన్నమాట.

తర్వాతి వారం ఊళ్ళోకి వెళితే నన్ను చుట్టుముట్టేశారు. అందరికీ నెత్తళ్ళే కావాలి. వీధి వీధంతా పనస పిక్కలు కాలుస్తున్న వాసన. "ఆయన గొంతిన్నావేటే, ఎలగ ఖంగుమంటందో! తోటలో కాపలా కాసి కాసి రాయిలాగున్నాడు" అంది ఒకావిడ. "ఆ మొగుడూ పెల్లాల సరసం సూడు, రేడియోలో కూడా ఆగనేదు" అంది ఇంకొకావిడ. నేను తల ఊపుతూ చేపలు తూచాను. రేడియో స్టేషన్లో పెద్దవాళ్ళు ఆ మొదటి ప్రశ్న ఎవరు రాశారని ఆ పిల్లని అడిగారట. తను వచ్చి ఆ మాట చెప్పినప్పుడు ఇద్దరం నవ్వలేదు.

ఆ రోజే ఇంకో ఇంటి ముందు గంప దించి, మామూలుగా అడిగాను, ఏం వండావని. ఆవిడ కూడా ప్రతి వారం కొనే మనిషే. "పనస పిక్కలూ నెత్తళ్ళూ" అంది గబుక్కున. ఎలా వండిందో కూడా చెప్పింది. తలలు గిల్లడం, ఒట్టి మూకుట్లో వేపడం, పిక్క మెత్తబడ్డాకే నెత్తళ్ళు వెయ్యడం, రేడియోలో విన్నదాంట్లో ఒక్క ముక్క పొల్లు పోకుండా. చెప్పినంతసేపూ నా కళ్ళలోకి చూడలేదు. డబ్బులిచ్చి, చేపలు కొంగులో కట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళ గోడ మీదనుంచి పెరట్లో కొబ్బరిచెట్టు కనబడుతోంది. దాని మొదట్లో మన్ను కొత్తగా తవ్వి ఉంది. ఎరువు వేసి ఉండవచ్చు. వేసవి వెళ్ళే ముందు అందరూ వేస్తారు. కానీ నేను ఎండలో ఎంతసేపు నిలబడిపోయానో నాకే తెలియదు. ఎవరో "ఏటప్పా, తల తిరిగిందేటి?" అని నీళ్ళు తెచ్చి ఇచ్చేదాకా కదల్లేదు.

నూతి ఇంటి ముందు మాత్రం గంప దించడం మానలేదు. ఉప్పుచేప బదులు, ఉప్పు తగలకుండా మా ఇంటి కప్పు మీద విడిగా ఎండబెట్టిన నెత్తళ్ళు గుడ్డలో కట్టి, అందరికీ కనబడేలా తూచి ఇచ్చేదాన్ని. గొంతెత్తి, నూతి దగ్గర వాళ్ళకి వినబడేలా అడిగేదాన్ని. ఆవిడ కూడా గొంతెత్తి ఏదో ఒక కూర చెప్పేది. ఒక వారం గోంగూరా రొయ్యలూ, ఒక వారం మామిడికాయా ఉప్పుచేపా. లోపలినుంచి అప్పుడప్పుడు ఆయన సవరణలు వచ్చేవి. రాను రాను ఆ గొంతు పలచబడింది. ఒక వారం ఆవిడ కూర చెప్పడం అయిపోయినా లోపలినుంచి ఏమీ రాలేదు. ఇద్దరం గడప వైపు చూసి, చూపులు తప్పించుకున్నాం.

జీడిమామిళ్ళు మళ్ళీ పూత వేసే వేళకి ఆయన పోయాడు. ఊరు ఊరంతా నోళ్ళు తెరిచింది. "మొన్న రేడియోలో మాటాడినాడు కదే!" అని గుండెలు బాదుకున్నారు. నాకు ముందే తెలుసు కదా, ఆ కబురు నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. తీరా చెవిన పడ్డప్పుడు చేతిలో చేపల తట్ట వదిలేశాను.

కర్మలన్నీ అయ్యాక వెళ్ళాను. గంప ఎందుకు తీసుకెళ్ళానో చెప్పలేను. గంప లేకుండా ఆ ఊరు వెళ్ళడం నాకు అలవాటు లేదు. నడవ నిండా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆవిడ గోడకి ఆనుకుని, తల వంచుకుని ఉంది. వచ్చిన ప్రతి మనిషీ ముందుకి వంగి అదే అడుగుతోంది. ఎలాగైందమ్మా, ఎలా ఉన్నావమ్మా, ఆఖర్న ఎలా ఉన్నాడమ్మా. ఆవిడ దేనికీ తల ఎత్తడం లేదు. మాట అనేది ఆ ఇంట్లోంచి పోయినట్టు కూర్చుంది.

నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఏమడగాలో ఆలోచించలేదు. నా నోరే అడిగేసింది.

"ఏటి ఒండినావమ్మా?"

నడవ అంతా గప్‌చిప్ అయింది. ఒక పెద్దావిడ లేచి నిలబడింది. "ఏటే, నీకు గేనముందేటే? మొగుడు పోయిన ఇంటికొచ్చి బేరాలేటే? తియ్యి ఆ కంపు గంప!"

నూతి ఇంటమ్మ తల ఎత్తింది. నన్ను చూసింది, నా నెత్తి మీది గంపని చూసింది.

"ఏటీ ఒండనేదప్పా" అంది. "దించు గంప. మంచి ఉప్పుసేప ఉందేటి?"

దించాను. అడుగునుంచి తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని పట్టుకుని, పొట్ట విప్పి చూసి, వేలితో ఉప్పు తీసి నాలుక మీద పెట్టుకుంది.

"సింతపండు ముందే నానబెట్టుకోవాల" అంది లేస్తూ. "లేకపోతే మద్దిలో గోల సేత్తాడు."

అక్కడున్న వాళ్ళందరూ ఆ మాట రేడియోలో విన్నవాళ్ళే. గొల్లుమని ఏడ్చారు. ఆవిడ మాత్రం ఏడవలేదు, వంటింట్లోకి వెళ్ళింది. లోపల పొయ్యిలో పుల్లలు విరుస్తున్న చప్పుడు వినబడింది.